ఇంజనీరింగ్ సీటుకు ప్రజాధనం: ఎవరిని రప్పిస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది

2025 నవంబరు మొదట్లో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు మూతపడ్డాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇస్తేనే తెరుస్తామని యాజమాన్యాలు పట్టుబట్టాయి. కొన్ని రోజులకు ప్రభుత్వం కొంత సొమ్ము విడుదలకు ఒప్పుకోవడంతో బంద్ ముగిసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ పార్టీలు మారినా బకాయిల గొడవ మారలేదు. ఇలాంటి ప్రతి సందర్భంలోనూ చర్చ 'ఎన్ని కోట్లు బాకీ, ఎప్పుడిస్తారు' అన్న దగ్గరే ఆగిపోతుంది. పిల్లల్ని ఇంజనీరింగ్ చదువుకు తీసుకురావడానికి ప్రజాధనాన్ని ఏ రూపంలో ఖర్చు పెడితే ఫలితం ఉంటుందన్న అసలు ప్రశ్న పక్కకు పోతుంది.

ఈ పనిని ప్రభుత్వాలు ప్రధానంగా నాలుగు దారుల్లో చేస్తున్నాయి. సొంతంగా కళాశాలలు పెట్టి తక్కువ ఫీజుకు చదువు చెప్పడం ఒకటి. ప్రైవేటు కళాశాలలో చేరినవారి ఫీజు కట్టడం రెండోది. బడి స్థాయిలోనే లెక్కల మీద, యంత్రాల మీద ఆసక్తి కలిగించడం మూడోది. బాలికలకో, ఒక బ్రాంచికో ప్రత్యేకంగా స్కాలర్‌షిప్పులు, సీట్లు కేటాయించడం నాలుగోది. మన దగ్గర రెండో దారి మిగతా మూడింటినీ మింగేసేంతగా పెరిగింది. ఎందుకు పెరిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఉచిత సీటు పోయి రీయింబర్స్‌మెంట్ వచ్చిన కథ

చాలాకాలం ఇంజనీరింగ్ అంటే ప్రభుత్వ కళాశాలే. ఉస్మానియాలో 1929లో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, కాకినాడ, అనంతపురం కళాశాలల్లోనూ 1946లో మొదలైంది. వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 1959లో వచ్చింది. అప్పట్లో రాయితీ విద్యార్థి పేరు మీద ఉండేది కాదు, కళాశాలలోనే ఇమిడి ఉండేది. ఫీజు నామమాత్రం. సీట్లు మాత్రం చాలా కొద్ది.

1977లో విజయవాడలో సిద్ధార్థ, 1979లో హైదరాబాద్‌లో చైతన్య భారతి వంటి ప్రైవేటు కళాశాలలు రావడంతో సీటుకు ధర కట్టడం మొదలైంది. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ రాష్ట్రం 1983లో చట్టం చేసింది. ఎనభైల మధ్యలో ప్రవేశ పరీక్ష ఎంసెట్ వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. ప్రైవేటు కళాశాలలో సగం సీట్లు ప్రభుత్వ ఫీజుకే ప్రతిభ ప్రకారం ఇవ్వాలి, మిగతా సగం ఎక్కువ ఫీజు చెల్లించేవారికి ఇవ్వవచ్చు. అంటే 'పేమెంట్' సీటు విద్యార్థి 'ఫ్రీ' సీటు విద్యార్థి ఖర్చును మోస్తాడు. ఒకరి తల్లిదండ్రుల మీద ఇంకొకరి చదువు భారం వేయడం ఎలా న్యాయమని యాజమాన్యాలు అడిగాయి. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని కొట్టేసింది. మరుసటి ఏడాది ఇస్లామిక్ అకాడమీ తీర్పుతో ఫీజులు నిర్ణయించే కమిటీలు వచ్చాయి.

ఈ మలుపును మన చర్చల్లో తరచూ మరచిపోతున్నాం. ఫ్రీ సీటు పోయాక పేద విద్యార్థి ఫీజు ఎవరో ఒకరు కట్టాలి. పక్క సీటు విద్యార్థి కట్టనక్కర్లేదని కోర్టు చెప్పేసింది కాబట్టి మిగిలింది ఖజానాయే. 2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, అగ్రవర్ణ పేదలకు, మైనారిటీలకు విస్తరించింది. దళిత విద్యార్థులకు 1944 నుంచే ఉన్న పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ దీనికి పునాది. ఆదాయ పరిమితిలో ఉండి, ర్యాంకు ప్రకారం కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటాలో సీటు వస్తే చాలు, ఫీజు ప్రభుత్వానిదే. పథకం ఒక నాయకుడి ఆలోచనగా ప్రసిద్ధికెక్కింది. కానీ దాని వెనుక కోర్టు తీర్పు మిగిల్చిన ఖాళీ కూడా ఉంది. అందుకే ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దాన్ని ఎత్తేయలేకపోయింది.

కొద్ది ఏళ్లలోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు 700 దాటాయి, సీట్లు మూడు లక్షలు దాటాయి. ఇంటర్ ఎంపీసీ పాసైన ప్రతివారికీ ఎక్కడో ఒకచోట సీటు ఉండే రోజులు వచ్చాయి. భారం పెరిగాక 2012 నాటికి కోతలు మొదలయ్యాయి. ఎస్సీ, ఎస్టీలకు పూర్తి ఫీజు కొనసాగింది. మిగతావారికి ఎంసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి ఫీజు, లేకపోతే 35 వేల రూపాయలే. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ 'ఫాస్ట్' పేరుతో 1956 నాటికే కుటుంబం ఇక్కడ ఉండాలన్న స్థానికత షరతు పెట్టాలని చూసి, విమర్శలు వచ్చాక వెనక్కి తీసుకుంది. 35 వేల పరిమితి మాత్రం నిలిచిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2019 తర్వాత 'జగనన్న విద్యా దీవెన' కింద ఆదాయ పరిమితిని రెండున్నర లక్షలకు పెంచి పూర్తి ఫీజు ఇస్తామంది. వసతి ఖర్చులకు ఏడాదికి 20 వేలు వేరుగా ఇచ్చింది. డబ్బును కళాశాలకు కాకుండా తల్లి ఖాతాలో వేసింది. దానిపై యాజమాన్యాలు హైకోర్టుకు వెళ్లాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాలల ఖాతాకే ఇచ్చే పద్ధతి వచ్చింది.

వాదాలు ఎన్ని రకాలు

మొదటిది హక్కు వాదం. సామాజిక న్యాయ ఉద్యమాలు, విద్యార్థి సంఘాలు దీన్ని బలంగా చెబుతాయి. ఇంట్లో మొదటిసారి బీటెక్ చదివే బిడ్డకు ఫీజే మొదటి గోడ. ఆ గోడ తీసేశాక చేరినవారి సంఖ్యే దీనికి సాక్ష్యం అంటారు. కూలీల, చిన్న రైతుల, చేతివృత్తులవారి పిల్లలు లక్షల్లో ఇంజనీర్లు అయ్యారన్నది తెలుగు ఊళ్లు తెలిసినవారెవరూ కాదనలేని మాట.

రెండోది సంస్థల వాదం. ఏటా వేల కోట్లు ప్రైవేటు కళాశాలలకు కట్టే బదులు జేఎన్‌టీయూ కళాశాలలనూ ఉస్మానియానూ ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నీ విస్తరించాలని, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలని అంటుంది. రీయింబర్స్‌మెంట్ సొమ్ము ఆ ఏటితో అయిపోతుంది, కళాశాల కడితే యాభై ఏళ్లు ఉంటుందన్నది వీరి లెక్క. ఇందులో బలం ఉంది. కానీ ఒక ఇబ్బంది కూడా ఉంది. ప్రభుత్వ కళాశాలల సీట్లు మొదటి వేల ర్యాంకుల్లోనే నిండిపోతాయి. ఆ ర్యాంకులు ఎక్కువగా కార్పొరేట్ కళాశాలల్లో ఇంటర్ చదివినవారికే వస్తాయి. సంస్థల మీద మాత్రమే ఖర్చు పెడితే రాయితీ ఎక్కువగా కలిగినవారి పిల్లలకే చేరే ప్రమాదం ఉంది.

మూడోది నాణ్యత వాదం. రీయింబర్స్‌మెంట్ విద్యార్థిని కాదు, కళాశాలను పోషించిందని దీని అభియోగం. మంచి రోజుల్లో కొన్ని కళాశాలలు పీఆర్వోలను ఊళ్లకు పంపి, ల్యాప్‌టాపో బస్సు ఫీజో ఎరవేసి, ఇంటర్ పిల్లల సర్టిఫికెట్లు ముందే తీసుకుని వెబ్ ఆప్షన్లు తామే పెట్టిన సంగతి అప్పట్లో అందరికీ తెలిసిందే. విద్యార్థి ఎక్కడ చేరినా ప్రభుత్వమే కడుతున్నప్పుడు బోధన మీద పోటీ పడాల్సిన అవసరం ఆ కళాశాలలకు కనిపించలేదు. 2014లో లోపాలు చూపి జేఎన్‌టీయూ హైదరాబాద్ 170కి పైగా కళాశాలలకు అనుబంధ గుర్తింపు నిరాకరించడం ఈ వాదానికి పెద్ద ఆధారం.

నాలుగోది మార్కెట్ వాదం. పిల్లలు ఫీజు చూసి కాదు, జీతం చూసి బ్రాంచి ఎంచుకుంటారని ఇది అంటుంది. ఐటీ కంపెనీలు పిలిస్తే బీటెక్‌కు పిల్లల్ని ఎవరూ ఆకర్షించనక్కర్లేదు. పిలవకపోతే ఎంత రాయితీ ఇచ్చినా సీట్లు మిగిలిపోతాయి.

అయిదోది బడి వాదం. ఇంటర్ అయ్యాక ఇచ్చే డబ్బు అప్పటికే తలుపు దాకా వచ్చినవారికి మాత్రమే అందుతుంది. తలుపు దాకా ఎవరు వస్తారో ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్ తేల్చేస్తుంది కాబట్టి డబ్బు అక్కడ పెట్టాలంటుంది.

డబ్బుతో పిల్లల మనసు మారుతుందా: బయటి అనుభవాలు

రీయింబర్స్‌మెంట్ వల్లే ఇక్కడ ఇంజనీరింగ్ పెరిగిందని చెప్పడం అంత తేలిక కాదు. ఆ పథకం విస్తరించిన కాలమూ ఐటీ నియామకాలు ఊపందుకున్న కాలమూ ఒక్కటే. మన పథకం వంటిది అంత పెద్దయెత్తున లేని తమిళనాడులోనూ ఆ రోజుల్లోనే కళాశాలలు అయిదు వందలు దాటాయి. పథకం లేకపోతే ఎందరు చేరేవారో విడదీసి చూడడానికి తగిన లెక్క మన ప్రభుత్వాలు ఎన్నడూ కట్టలేదు. అందుకే ఈ ప్రశ్నను జాగ్రత్తగా కొలిచిన దేశాల వైపు చూడాల్సి వస్తుంది.

అమెరికాలో ఈ ఆరాటం స్పుత్నిక్‌తో మొదలైంది. 1957లో సోవియట్ ఉపగ్రహం ఎగిరింది, 1958లో జాతీయ రక్షణ విద్యాచట్టం వచ్చింది. తక్కువ వడ్డీ రుణాలు, ఫెలోషిప్పులు, సైన్సు బోధనకు నిధులు దాని ద్వారా వచ్చాయి. ఆ తర్వాత అర్ధశతాబ్దంలో పథకాలు ఎంతగా పెరిగాయంటే, 2005లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తీస్తే 13 శాఖల్లో 207 కార్యక్రమాలు, ఏడాదికి సుమారు 280 కోట్ల డాలర్లు తేలాయి. 2012 నివేదికలో అలాంటివి 209 ఉన్నాయని, నూటికి 83 ఏదో ఒక దానితో కలిసిపోతున్నాయని అదే సంస్థ చెప్పింది. ఫలితం ఏమిటో సరిగా మదింపు చేసినవి తక్కువన్నది ఆ నివేదికల్లో పదేపదే వినిపించిన ఫిర్యాదు.

ఈ అమెరికా కథలో తెలుగువారికి నేరుగా సంబంధమున్న ఒక ముక్క ఉంది. హెచ్1బీ వీసాకు దరఖాస్తు చేసే కంపెనీల నుంచి 1998 చట్టం కింద ప్రత్యేక రుసుము వసూలు చేస్తారు. అందులో ఒక భాగం నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు వెళ్లి, తక్కువ ఆదాయ అమెరికన్ విద్యార్థులకు సైన్స్, ఇంజనీరింగ్ స్కాలర్‌షిప్పులుగా మారుతుంది. బయటి నుంచి ఇంజనీర్లను తెచ్చుకున్నంత కాలం, ఆ రాకపోకల మీద పన్నుతో సొంత పిల్లల్ని తయారు చేసుకోవాలన్నది ఆలోచన. హైదరాబాద్, గుంటూరు, వరంగల్ నుంచి వెళ్లిన ఇంజనీర్ల తరఫున కంపెనీలు కట్టిన సొమ్ముతో అక్కడి పేద పిల్లలు ఎందరో చదువుకున్నారు.

ఇంజనీర్ల కొరత ఉందా అన్న దాని మీదే అక్కడ పండితులు రెండుగా చీలారు. ఆర్థికవేత్త పాల్ రోమర్ 2000లో ఒక సంగతి ఎత్తి చూపారు. పరిశోధనకు రాయితీలు పెంచి ఇంజనీర్ల సంఖ్యను పట్టించుకోకపోతే డబ్బు కొత్త పనికి కాకుండా ఉన్నవారి జీతాలు పెరగడానికే పోతుందని, సరఫరా వైపు చూడాలని ఆయన అన్నారు. మైఖేల్ టైటెల్‌బామ్ 2014లో రాసిన పుస్తకంలో దీనికి ఎదురు వాదన ఉంది. కొరత అని గగ్గోలు, వెంటనే నిధుల వరద, కొన్నేళ్లకు పనిలేని పట్టభద్రులు అన్న చక్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పదేపదే తిరిగిందని ఆయన చూపారు. అంతకు చాలా ముందే, డెబ్బైల్లో, రిచర్డ్ ఫ్రీమన్ దీనికొక నమూనా ఇచ్చారు. జీతాలు బాగున్న ఏడు చాలామంది చేరతారు. నాలుగేళ్లకు అందరూ ఒక్కసారే బయటికొచ్చేసరికి జీతాలు పడిపోతాయి. అప్పుడు చేరేవారు తగ్గి, మళ్లీ నాలుగేళ్లకు కొరత వస్తుంది. నాలుగేళ్ల చదువుకు నాలుగేళ్ల ఆలస్యం తప్పదు.

స్కాలర్‌షిప్ వల్ల సబ్జెక్టు ఎంపిక మారుతుందా అన్నది విడిగా కొలిచారు. అమెరికా 2006లో సైన్స్, ఇంజనీరింగ్ మూడో, నాలుగో ఏటి పేద విద్యార్థులకు ఏడాదికి 4 వేల డాలర్లదాకా ఇచ్చే 'స్మార్ట్ గ్రాంట్' పెట్టి 2011లో ఆపింది. టెక్సస్ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనంలో వందకు ముగ్గురు అదనంగా ఈ సబ్జెక్టుల వైపు వచ్చారని తేలింది. ఒహాయోలో జరిగిన మరో అధ్యయనంలో ప్రభావమే కనిపించలేదు. ఇంజనీరింగ్‌కు ఇతర సబ్జెక్టుల కన్నా ఎక్కువ ఫీజు పెట్టిన విశ్వవిద్యాలయాల్లో మాత్రం ఆ డిగ్రీలు తీసుకునేవారి వాటా తగ్గినట్టు ఇంకో అధ్యయనం చూపింది. ఆస్ట్రేలియా 2009లో గణితం, సైన్సు ఫీజులు తగ్గించి, ఫలితం తక్కువని నాలుగేళ్లకే వెనక్కి తీసుకుంది. 2021 నుంచి ఇంజనీరింగ్ ఫీజు తగ్గించి హ్యుమానిటీస్ ఫీజు పెంచింది. దానివల్ల నూటికి ఇద్దరు కూడా దారి మార్చుకోలేదని అక్కడి విశ్వవిద్యాలయాల సమీక్ష తేల్చింది.

ఈ అధ్యయనాలను ఇక్కడికి తెచ్చి రీయింబర్స్‌మెంట్ దండగ అనడం పొరపాటు. అవి కొలిచింది 'ఏ సబ్జెక్టు' అన్న ఎంపికను. మన దగ్గర ప్రశ్న 'అసలు పైచదువా, పనిలోకి వెళ్లడమా' అన్నది. ఆస్ట్రేలియా విద్యార్థి ఫీజును తర్వాత జీతంలోంచి తీర్చుకుంటాడు కాబట్టి ముందు చేతి నుంచి పడేది లేదు. ఇక్కడ ఆగస్టులో ఫీజు కట్టకపోతే సీటే పోతుంది. ఇంజనీరింగ్‌ను 'ఆకర్షణీయం' చేయడానికి డబ్బు పెద్దగా పనికిరాకపోవచ్చు. కోరిక ఉన్నవాడిని లోపలికి రానివ్వడానికి మాత్రం అది తప్పనిసరి. ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం వల్లే మన చర్చ చిక్కుపడింది.

కంప్యూటర్ సైన్స్ ముందు అన్నీ చిన్నవే

డబ్బు కన్నా జీతం ఎంత బలంగా లాగుతుందో చూడాలంటే మన కౌన్సెలింగ్ చాలు. తెలంగాణ కన్వీనర్ కోటాలో కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచిల సీట్లు మొత్తంలో మూడింట రెండు వంతులు దాటాయి. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్‌కు కూడా అదే రీయింబర్స్‌మెంట్ ఉంది, అయినా ఆ సీట్లు మిగులుతున్నాయి. ఇలాంటి కోర్ బ్రాంచిలకు విద్యార్థులను తెచ్చేందుకు, సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 'యశస్వి' పేరుతో స్కాలర్‌షిప్ పెట్టింది. దేశం మొత్తానికి కొన్ని వేల మందికి ఇచ్చే ఆ సొమ్ము ఐటీ ప్యాకేజీ ముందు నిలబడేంత పెద్దది కాదు.

నియంత్రణ కూడా ఒక దిశలో లేదు. బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి కమిటీ సిఫారసు మీద 2020 నుంచి కొత్త కళాశాలలకు ఏఐసీటీఈ విరామం ఇచ్చింది. ఆ విరామం తర్వాత ఎత్తేశారు. 2024-25 నుంచి ఒక బ్రాంచిలో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితినీ తీసేశారు. అదే 2024లో పెరిగిన కంప్యూటర్ సీట్లకు తెలంగాణ ప్రభుత్వం అనుమతి నిరాకరిస్తే కళాశాలలు హైకోర్టుకెక్కాయి. కేంద్ర సంస్థ సీటు మంజూరు చేస్తుంది, దాని ఫీజు రాష్ట్రం కట్టాలి. నిర్ణయం ఒకరిది, బిల్లు ఇంకొకరిది. ఈ అమరిక సరిదిద్దకుండా బకాయిల సమస్య తీరదు. వీసా నిబంధనలు బిగుసుకుంటూ, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, అమెరికా ఆశ మీద కట్టిన ఈ కంప్యూటర్ సీట్ల లెక్క ఎంతకాలం నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేం.

తలుపు దాకా తెచ్చిన ప్రయత్నాలు

బడి నుంచి పిల్లల్ని పట్టుకున్న పథకాల్లో తెలుగు నేల మీద చెప్పుకోదగ్గది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. జనం నోట 'ట్రిపుల్ ఐటీ'. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలో మొదలైంది. ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్ రెడ్డి దాని ఛాన్సలర్‌గా పనిచేశారు. పదో తరగతి కాగానే ఆరేళ్ల కోర్సులోకి తీసుకుంటారు. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడుల్లో చదివినవారి గ్రేడుకు 0.4 పాయింట్లు కలుపుతారు. ఎంసెట్ లేదు, ఇంటర్ కోచింగ్ లేదు. మండల కేంద్రంలోని జడ్పీ హైస్కూల్ నుంచి ఒక అమ్మాయి నేరుగా ఇంజనీరింగ్ క్యాంపస్‌కు వెళ్లడం అప్పటిదాకా ఇక్కడ లేని దారి. ఇతర పథకాలు ర్యాంకు వచ్చాక మొదలవుతాయి, ఇది ర్యాంకు అనే మెట్టునే తీసేసింది. నా దృష్టిలో మన రాష్ట్రాలు ఈ రంగంలో చేసిన అన్నిటికన్నా సాహసమైన ఆలోచన ఇదే. కానీ భవనాలు, శాశ్వత అధ్యాపకులు, భోజనం దగ్గర అది నిరంతరం బాధపడింది. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు ఎండావానల్లో రోజుల తరబడి బైఠాయించింది ఈ కనీస వసతుల కోసమే. మంచి ఆలోచనకు నిధులు సగంలో ఆపితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కేంద్రం 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఇంకో తరహా. ఒక్కో బడికి 20 లక్షల రూపాయలదాకా ఇచ్చి త్రీడీ ప్రింటర్లు, రోబో కిట్లు పెట్టిస్తారు. దేశంలో 10 వేల ల్యాబులు వచ్చాయి. 2025 బడ్జెట్‌లో అయిదేళ్లలో ఇంకో 50 వేలు ప్రభుత్వ బడుల్లో పెడతామన్నారు. ఉద్దేశం మంచిదే. అయితే కిట్టు నడిపే ఉపాధ్యాయుడు లేని బడిలో ల్యాబు గది తాళం వేసి ఉంటుంది. ఆ మాటకొస్తే లెక్కల పోస్టు ఖాళీగా ఉన్న బడికి ముందు కావలసింది ప్రింటర్ కాదు.

తమిళనాడు దారి వేరు. 2021లో చట్టం చేసి వృత్తివిద్యా కోర్సుల్లో 7.5 శాతం సీట్లు ప్రభుత్వ బడుల్లో చదివినవారికి కేటాయించింది. వారి ట్యూషన్ ఫీజుతో పాటు హాస్టల్ ఖర్చూ ప్రభుత్వమే భరిస్తుంది. డబ్బునూ సీటునూ ప్రభుత్వ బడినీ ఒకే ముడిలో కట్టిన పద్ధతి ఇది. తెలుగు రాష్ట్రాలు దీన్ని గంభీరంగా చదవాలి.

బాలికల విషయంలో అనుభవం కొంత స్పష్టంగా ఉంది. ఏఐసీటీఈ 'ప్రగతి' స్కాలర్‌షిప్ ఏడాదికి 50 వేలు ఇస్తుంది, కుటుంబంలో ఇద్దరు అమ్మాయిలదాకా. అది ఉపయోగమే. కానీ ఐఐటీల్లో లెక్క మార్చింది డబ్బు కాదు. 2018 నుంచి అదనపు సీట్లు సృష్టించి అమ్మాయిల వాటాను 20 శాతానికి చేర్చాలని నిర్ణయించారు. అంతకుముందు నూటికి ఎనిమిది, తొమ్మిది దగ్గర తిరుగుతున్న సంఖ్య ఆ తర్వాత ఆ లక్ష్యం దగ్గరికి వచ్చింది. ఎవరి సీటూ తగ్గకుండా చేసినందువల్ల పెద్దగా వ్యతిరేకతా రాలేదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

రీయింబర్స్‌మెంట్ విస్తృతి విషయంలో దేనికీ అందదు. నాణ్యత మీద దానికి పట్టు లేదు, ఖర్చుకు అదుపు లేదు. ప్రభుత్వ కళాశాల నాణ్యతను నిలుపుతుంది, కానీ ర్యాంకు వచ్చినవాడికే దక్కుతుంది. ట్రిపుల్ ఐటీ నమూనా ఎవరు చేరాలన్న దాన్నే మారుస్తుంది. ఒక్కో విద్యార్థి మీద ఖర్చు ఎక్కువ, నడపడం కష్టం. బడి ల్యాబులు చౌక, ఫలితం పదేళ్లకు గాని తెలియదు, అదీ ఉపాధ్యాయుడి మీదే ఆధారపడి ఉంటుంది. సీటు కేటాయింపు తక్కువ డబ్బుతో త్వరగా పనిచేస్తుంది, కానీ అప్పటికే చదువుకున్నవారి మధ్యే పంపకం చేస్తుంది. ఇవి ఒకదానికొకటి పోటీ కాదు. ఒకదాన్నే నమ్ముకుని మిగతావాటికి విదిలింపులు ఇవ్వడం దగ్గరే మనం దెబ్బతిన్నాం.

పదివేల ఒకటో ర్యాంకు, ఆగిన సర్టిఫికెట్

పథకం నేల మీద ఎలా ఉందో రెండు చోట్ల దగ్గరగా చూడాలి. తెలంగాణలో ఏడాదికి లక్షన్నర ఫీజున్న కళాశాల అనుకుందాం. 10 వేల ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి మొత్తం ఫీజు ప్రభుత్వానిది. 10,001 ర్యాంకు వస్తే వచ్చేది 35 వేలు, చేతి నుంచి కట్టాల్సింది లక్షా 15 వేలు. నాలుగేళ్లకు నాలుగు లక్షల 60 వేలు. గ్రామాల్లో ఈ పథకానికి అర్హత ఉన్న కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర. ఆదాయంలో ముప్పావు వంతుకు పైగా ఫీజుకే పోతుంది కాబట్టి ఆ విద్యార్థి ఆ కళాశాలను ఆప్షన్లలోనే పెట్టడు. 35 వేలకు సరిపోయే చోటు వెతుక్కుంటాడు. ఒక్క ర్యాంకు తేడా ఇంత దూరం నెట్టడానికి విద్యాపరమైన కారణం ఏదీ లేదు. మెట్టులా కాకుండా వాలులా, ర్యాంకు పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా తగ్గేలా ఈ సాయాన్ని మార్చడం కష్టమైన పనేమీ కాదు.

రెండోది కోర్సు అయ్యాక. విద్యార్థి స్కాలర్‌షిప్ పోర్టల్ ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టి, 75 శాతం హాజరు చూపించి, నాలుగేళ్లూ పాసయ్యాడు. ఖజానాలో టోకెన్ పడిందంటారు, డబ్బు మాత్రం రాలేదు. బకాయి కడితేనే టీసీ, మార్కుల మెమోలు ఇస్తామని కళాశాల అంటుంది. ఉద్యోగంలో చేరడానికి పదిరోజులే గడువు. తండ్రి వడ్డీకి తెచ్చి కట్టి సర్టిఫికెట్లు విడిపిస్తాడు. ప్రభుత్వ సొమ్ము తర్వాతెప్పుడో కళాశాలకు వస్తుంది. అది విద్యార్థికి తిరిగి ఎలా చేరాలో మాత్రం ఎవరూ స్పష్టంగా చెప్పరు. ఉచిత చదువని చేరినవాడు వడ్డీతో సహా ఫీజు కట్టి బయటికి వస్తున్నాడు. సర్టిఫికెట్లు ఆపకూడదని అధికారులు ఎన్నిసార్లు చెప్పినా, కళాశాల కూడా జీతాలివ్వలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ మాట నిలవడం లేదు.

ఇంకా తేలనివి

తల్లి ఖాతాలో వేయాలా, కళాశాల ఖాతాలో వేయాలా అన్న వివాదం తేలలేదు. మొదటిదానిలో కుటుంబానికి అడిగే హక్కు వస్తుంది. రెండోదానిలో డబ్బు దారి తప్పదు. నాణ్యతకు ముడిపెట్టాలంటే దేనికి ముడిపెట్టాలన్నదీ తేలలేదు. నాణ్యతను మదింపు చేసే న్యాక్, ఎన్‌బీఏ సంస్థల గుర్తింపు ఉన్న కళాశాలలకే ఇస్తే, మారుమూల మండలాల పిల్లలకు దగ్గరలో ఉన్న కళాశాల మూతపడవచ్చు. నియామకాల సంఖ్యకు ముడిపెడితే కళాశాలలు లెక్కలు దిద్దుతాయి. కృత్రిమ మేధ వల్ల మొదటి ఉద్యోగాల తీరు మారుతున్నప్పుడు ఎందరు ఇంజనీర్లు కావాలన్నదానికి ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. అందుకే సంఖ్యను లక్ష్యంగా పెట్టుకోవడం కన్నా చేరినవాడు పని నేర్చుకుని బయటపడేలా చూడడం మీదే ఖర్చు పెట్టడం సురక్షితం.

రీయింబర్స్‌మెంట్‌ను తగ్గించాలనేవారితో నేను ఏకీభవించను. ఆ తలుపు మూస్తే మూసుకుపోయేది ఎవరి ముఖాన్నో మనకు తెలుసు. కానీ ఇప్పుడున్న రూపంలో అది తన పనిలో సగమే చేస్తోంది. మిగతా సగం జడ్పీ హైస్కూల్లో లెక్కల ఉపాధ్యాయుడి దగ్గర, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ సెక్షన్ దగ్గర, బీటెక్ రెండో ఏట బ్యాక్‌లాగులు మిగిలిపోయిన విద్యార్థి దగ్గర ఆగిపోయింది.

రెండు ప్రభుత్వాలనూ అడగాల్సినవి మూడు. ఆ ఏటి ఫీజు ఆ ఏడే కళాశాలకు చేరేలా బడ్జెట్‌లో విడిగా కేటాయించి, ఇతర ఖర్చులకు మళ్లించకుండా చట్టం చేయాలి. బకాయి ప్రభుత్వానిదైనప్పుడు విద్యార్థి సర్టిఫికెట్ ఆపడాన్ని శిక్షార్హం చేయాలి. రీయింబర్స్‌మెంట్ పొందిన ప్రతి బ్యాచిలో ఎందరు నాలుగేళ్లకు పాసయ్యారు, ఎందరు మధ్యలో మానేశారు అన్నది కళాశాలవారీగా ఏటా ప్రకటించాలి. ఈ లెక్కలు ఈ-పాస్‌లోనూ విశ్వవిద్యాలయాల పరీక్షా విభాగాల్లోనూ ఇప్పటికే ఉన్నాయి. వాటిని కలిపి జనం ముందు పెట్టడానికి కొత్త నిధులు అవసరం లేదు.